స్కాన్ నార్మల్, మరి నెత్తురెక్కడిది?

(కావలిలో డిగ్రీ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక ఫిజీషియన్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

మైకు వెనక దాకా వినబడుతోందా? సరే. భోజనానికి ముందు మూత్రంలో నెత్తురు గురించి ఈ టాపిక్ ఏంటి సార్ అని పొద్దున మీ లెక్చరర్ ఒకాయన అన్నారు. నిజమే, కానీ భోజనం తర్వాత పెడితే సగం మంది నిద్రపోతారు, మిగతా సగం బస్సెక్కేస్తారు. కాబట్టి కాసేపు భరించండి.

మా క్లినిక్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాడు లోపలికొస్తాడు, వాళ్లమ్మ బయట బెంచీ మీదే ఉందా అని ఒకసారి తలుపు వైపు చూసుకుంటాడు, గొంతు తగ్గించి "సార్, ఒంటికి ఎర్రగా పోతా ఉంది" అంటాడు. ఎన్నాళ్ల నుంచి అబ్బయ్యా అంటే, "పోయిన సంక్రాంతి నుంచి, అప్పుడప్పుడు" అంటాడు. ఇన్నాళ్లూ ఏం చేశావు? "వేడి చేసిందని అమ్మ బార్లీ కాచి ఇచ్చింది సార్."

ఈ వేడి చేయడం అనేది మన దగ్గర పెద్ద డయాగ్నసిస్. నోట్లో పుండ్లొచ్చినా వేడే, కళ్లు మండినా వేడే. మే నెలలో కావలి ఎండకి నీళ్లు తాగకుండా తిరిగితే మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులో, మంటగా పోతుంది, రెండు చెంబుల మజ్జిగ తాగితే సర్దుకుంటుంది, అంతవరకు ఆ మాట కరెక్టే. కానీ ఎంత చిక్కబడినా పసుపు పసుపే. అది గులాబీ రంగులోకో, టీ డికాషన్ రంగులోకో మారిందంటే అక్కడ వేరే సంగతి ఉంది. బార్లీ నీళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ తాగుతాను. తంటా ఏంటంటే, చాలా జబ్బుల్లో ఈ నెత్తురు రెండు మూడు రోజులు కనబడి దానంతట అదే ఆగిపోతుంది. ఆగిన రోజు చేతిలో బార్లీ గ్లాసు ఉంటుంది కాబట్టి పేరు బార్లీకి పోతుంది, లోపల జబ్బు మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది.

ఇంకో సంగతి, ఎరుపు చూడగానే ఒంట్లో నెత్తురంతా పోయిందని హడలిపోకండి. లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు నెత్తురు కలిసినా చాలు, రంగు తెలుస్తుంది. అలాగే, తెల్లగా పోతోంది కాబట్టి నెత్తురు లేనట్టే అని కూడా అనుకోవడానికి లేదు. కంటికి కనబడనిది మైక్రోస్కోప్‌కి కనబడుతుంది.

ముందు అసలు అది నెత్తురేనా చూడాలి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది వాడేవాళ్లకి మూత్రం నారింజ రంగులో వస్తుంది. మంట తగ్గడానికి ఇచ్చే కొన్ని మాత్రలకూ అంతే. బీట్‌రూట్ తింటే కొందరికి ఎర్రగా పోతుంది. ఇవి అడిగితే తెలిసేవి, పరీక్ష అక్కర్లేదు. అడగకపోతే మాత్రం మూడు వేల రూపాయల పరీక్షలు.

రంగు దగ్గరే ఇంకో కుర్రాడి గురించి చెప్పాలి, ఇక్కడ కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లు ఉన్నారు కదా, మీరు వినండి. రెండు నెలలు ఖాళీగా ఉండి, నోటిఫికేషన్ వచ్చిందని ఒకేరోజు ఎండలో పరుగు, ఆపైన మూడొందల బస్కీలు. మర్నాటికి తొడలు వాచి లేవలేడు, ఆ మర్నాడు మూత్రం నల్ల కూల్‌డ్రింక్ రంగులో వచ్చింది. మూత్రం పరీక్షకి వాడే రంగు గడుల స్ట్రిప్ ముంచితే బ్లడ్ గడి ఆకుపచ్చగా మారింది, త్రీ ప్లస్, అంటే బాగా ఎక్కువని. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్క ఎర్ర కణం లేదు! ట్యూబ్‌లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం. అసలైన నెత్తురు అయితే కణాలు అడుగుకి దిగి పైన నీరు తేటపడాలి. ఇక్కడ అడుగున ఏమీ లేదు, పైనీరు అలాగే నల్లగా ఉంది. అంటే కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ మూత్రంలోకి దిగింది. స్ట్రిప్‌కి నెత్తురుకీ దీనికీ తేడా తెలియదు. అతనికి సీకే అనే, కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్ పరీక్ష రక్తంలో చేస్తే మామూలుగా వందల్లో ఉండాల్సింది వేలల్లో ఉంది. వెంటనే అడ్మిట్ చేసి సెలైన్లు ఎక్కించాం, లేకపోతే కిడ్నీలు పోయేవి. చూడండి, స్ట్రిప్ పాజిటివ్ అన్నది ఒక అనుమానం అంతే. మైక్రోస్కోప్ చూశాకే అది నెత్తురని అనాలి. గట్టిగా పరుగులు తీశాక నిజంగానే కొన్ని ఎర్ర కణాలు పడటం కూడా ఉంది, అది రెండు మూడు రోజులు రెస్ట్ తీసుకుంటే పోతుంది. పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేసి చూడాలి, ఊహించుకోకూడదు.

ఇప్పుడు టెక్నీషియన్లకి. మీ మీద కొంచెం కోపం ఉంది, ఎక్కడ పని చేసేవాళ్ల మీదో చెప్పను. మొన్న నాకొక రిపోర్టు వచ్చింది. పైన కలర్ దగ్గర 'రెడ్' అని ఉంది, కింద ఆర్‌బీసీ, అంటే ఎర్ర కణాల దగ్గర 'నిల్' అని ఉంది. అంటే ఏంది, ఎరుపెక్కడిది మరి? పాత రిపోర్టు ఓపెన్ చేసి పేరు మార్చి ప్రింటిచ్చారు. ఆ ఒక్క లైను మీద నేను ఒక పిల్లాడి కిడ్నీల సంగతి తేల్చుకోవాలి.

శాంపిల్ ఎలా పట్టాలో కూడా ఎవరూ చెప్పరు, చేతిలో డబ్బా పెట్టి బాత్రూమ్ చూపిస్తారు. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. ఆడపిల్లల్ని పీరియడ్స్ ఉన్నాయా అని అడగాలి, సిగ్గుపడితే ఎలా? ఉంటే అయిపోయాక రమ్మనాలి. పొద్దున్నే ఇంట్లో పట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని, బ్యాంకులో పని చూసుకుని పదకొండింటికి తెచ్చిస్తే అందులో కణాలు అప్పటికే పగిలిపోయి ఉంటాయి. గంటలోపు చూడాలి, మహా అయితే రెండు గంటలు. పది మిల్లీలీటర్లు ఐదు నిమిషాలు తిప్పి, పైనీరు వంచేసి, అడుగున మిగిలిన చుక్క స్లైడ్ మీద వేసి, 40 లెన్స్ కింద చూడండి. ఒక్కో ఫీల్డ్‌లో, అంటే లెన్స్‌లో ఒకసారికి కనబడే గుండ్రటి మేరలో, మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఎర్ర కణాలుంటే అది లెక్కలోకి వచ్చే నెత్తురు.

లెక్క ఒక్కటే రాసి ఆపేయొద్దు, ఆకారం కూడా చూడండి. మూత్రాశయం నుంచో, రాయి గీసుకున్న చోటు నుంచో వచ్చిన కణాలు పచ్చి అప్పడంలాగా గుండ్రంగా, నున్నగా ఉంటాయి. కిడ్నీలో వడపోత జరిగే చోటు నుంచి, అంటే గ్లోమెరులస్ నుంచి వచ్చినవి ఇరుకు సందుల్లో దూరి వచ్చినవి కదా, నూనెలో వేసిన అప్పడంలాగా వంకర్లు తిరిగి ఉంటాయి, కొన్నిటికి అంచున చిన్న బుడిపెలు కూడా ఉంటాయి. అదృష్టం ఉంటే కాస్ట్ దొరుకుతుంది. జంతికల గొట్టంలో పిండి వత్తితే గొట్టం ఆకారంలో దిగుతుంది చూశారా, అలాగే కిడ్నీ లోపలి సన్నటి నాళాల్లో ఎర్ర కణాలు గడ్డకట్టి ఆ నాళం అచ్చులో మూత్రంలోకి దిగుతాయి. ఎర్ర కణాల కాస్ట్ ఒక్కటి కనబడిందా, నెత్తురు కిడ్నీ వడపోతలోంచే వస్తోందని మీరు నాకు లక్ష రూపాయల సమాచారం ఇచ్చినట్టు. రిపోర్టు ఖరీదు రెండొందలు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దానికోసం.

పన్నెండేళ్ల కింద పొదలకూరు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, వాళ్లకి నిమ్మతోటలున్నాయి. మూత్రం డికాషన్ రంగు. నొప్పి లేదు, నెత్తురు గడ్డలు పడటం లేదు. "రెండు రోజుల కింద గొంతు నొప్పి, జ్వరం వచ్చింది సార్, అది తగ్గలేదు, ఇది మొదలైంది" అన్నాడు. నేను విన్నాను, రాసుకోలేదు. స్కాన్ చేయించాను, ఎడమ కిడ్నీలో మూడు మిల్లీమీటర్ల రాయి అని వచ్చింది. హమ్మయ్య, కారణం దొరికింది. రాయే నాయనా, నీళ్లు బాగా తాగు అని పంపించాను. నాలుగు రోజులకి మూత్రం తేటపడింది. తర్వాత ఒకసారి గోతం సంచిలో నిమ్మకాయలు తెచ్చి ఇచ్చి వెళ్లాడు కూడా. ఆరోజు యూరిన్ రిపోర్టులో ప్రొటీన్ త్రీ ప్లస్ అని ఉంది. నెత్తురు పడుతోంది కదా, అందుకే వచ్చుంటుందిలే అనుకున్నాను. బీపీ చూశానా? చూడలేదు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లాడికి బీపీ ఏంటి అని.

మూడేళ్లకి తలనొప్పులని కళ్లజోడు కోసం వెళ్తే, కళ్ల డాక్టరు లోపల రెటీనా చూసి ముందు బీపీ చూపించుకో అన్నారట. 180/110. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 2.8. బయాప్సీ చేస్తే, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, ఐజీఏ నెఫ్రోపతీ. 1968లో పారిస్‌లో జాన్ బెర్జే, నికోల్ ఇంగ్లే అనే ఇద్దరు మొదట వివరించిన జబ్బు ఇది. మన ఒంట్లో గొంతు, పేగుల్లాంటి చోట్ల కాపలా కాసే ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీ ఫిల్టర్లలో పేరుకుంటుంది. గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ముదురు రంగు మూత్రం, అదీ దీని గుర్తు. ఆ పిల్లాడు దాని గుర్తును తన నోటితోనే నాకు చెప్పాడు.

గొంతు నొప్పి తగ్గిపోయి, ఒకటి నుంచి మూడు వారాలు గడిచాక మొహం ఉబ్బి, ముదురు రంగులో పోతే అది వేరే కథ, స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చేది. అందులో రక్తంలో సీ3 అనే ప్రొటీన్ తగ్గుతుంది. పిల్లల్లో ఎక్కువ, చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది. కాబట్టి గొంతు నొప్పి వచ్చిందా అని అడిగితే సరిపోదు, ఎన్ని రోజుల కింద అని కూడా అడగాలి.

ఆ మూడు మిల్లీమీటర్ల రాయి అబద్ధం కాదు, నిజంగానే ఉంది. ఈ ఎండల్లో నీళ్లు తక్కువ తాగి పని చేసేవాళ్లలో ఎంతమందికి స్కాన్ చేస్తే చిన్న రాళ్లు కనబడవు చెప్పండి. రాయి ఉన్నంత మాత్రాన నెత్తురు దానిదే అవ్వాలని లేదు. రాయి నెత్తురు తెప్పిస్తే సాధారణంగా నడుం పక్క నుంచి గజ్జల్లోకి జారే నొప్పి ఉంటుంది, మనిషి మంచం మీద కుదురుగా ఉండలేడు. ఇంకో వైపు, స్కాన్‌లో రాయి లేకపోతే "కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని పంపించేస్తారు. స్కాన్ చూపించేది కిడ్నీ సైజు, వాపు, రాళ్లు, నీటి తిత్తులు, గడ్డలు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల ఫిల్టర్లు ఉంటాయి, ఒక్కొక్కటి మిల్లీమీటర్‌లో ఐదో వంతు. వాటి సంగతి స్కాన్‌లో ఎలా తెలుస్తుంది? వీధిలో నిలబడి ఇంటికి ఫొటో తీస్తే లోపల కుళాయి కారుతోందో లేదో తెలిసినట్టే.

వాటి సంగతి చెప్పేవి చవక పరీక్షలు. బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్. ప్రొటీన్ కనబడితే ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో చేయించండి, 0.2 లోపు ఉంటే మామూలు. నెత్తురుతో పాటు అది 0.5 దాటినా, బీపీ పెరిగినా, క్రియాటినిన్ పెరిగినా కిడ్నీ స్పెషలిస్ట్ దగ్గరికే, మధ్యలో ఎక్కడా ఆగొద్దు. క్రియాటినిన్ విషయంలో రిపోర్టు పక్కన 'నార్మల్ రేంజ్' చూసి మోసపోకండి. ఇరవై ఏళ్ల అమ్మాయికి 1.2 వస్తే చాలా ల్యాబుల రేంజ్‌లోనే ఉంటుంది, కానీ జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయన్న లెక్క కడితే అరవై చిల్లర వస్తుంది. ఆ వయసుకి నూరు పైన ఉండాలి. అన్నట్టు, నొప్పి ఉందని డైక్లోఫెనాక్ సూదులు వేయించుకుంటూ తిరిగేవాళ్లు, కిడ్నీ సంగతి తేలేదాకా అవి ఆపండి.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని. ధార మొదట్లోనే ఎర్రగా ఉందా, అంటే మూత్రాశయం నుంచి బయటికొచ్చే నాళం. చివర్లో చుక్కలుగా పడుతోందా, అంటే మూత్రాశయం అడుగు భాగం, ప్రోస్టేట్ అటువైపు. మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగా, అంటే ఇంకా పైన, కిడ్నీ కావచ్చు, మూత్రాశయమే కావచ్చు. గడ్డలు పడుతుంటే ఫిల్టర్ జబ్బు అయ్యే అవకాశం తక్కువ.

తర్వాత ఇంట్లో వాళ్ల సంగతి. ఇక్కడ మనవాళ్లు దాస్తారు, పెళ్లి సంబంధాల భయం. "మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా" అంటే లేదంటారు. "మీ మేనమామకి చెవులు సరిగ్గా వినబడతాయా" అని అడగండి, అప్పుడు వస్తుంది అసలు కథ. "మామకి చిన్నప్పటి నుంచి చెవుడు సార్, ముప్పై ఏళ్లకే డయాలసిస్‌తో పోయాడు." అల్‌పోర్ట్ అనే జబ్బు ఎక్కువగా ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. తల్లి మోస్తుంది, మగపిల్లలు గట్టిగా దెబ్బ తింటారు, చెవులూ కిడ్నీలూ రెండూ. తల్లికీ మూత్రంలో కంటికి కనబడని నెత్తురు ఉంటుంది, ఆమెకి తెలియదు. ఇందులోనే ఇంకో రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి, మేనరికాలున్న ఇళ్లలో దానికి దారి తేలిక. రేపు కొడుక్కి కిడ్నీ ఇస్తానని ఆ తల్లే ముందుకొస్తుంది, అప్పుడైనా ఆమె మూత్రం చూడకుండా ఎవరూ ఒప్పుకోకూడదు.

ఇన్‌ఫెక్షన్ గురించి ఎక్కువ చెప్పను, మంట, మాటిమాటికీ పోవడం, కల్చర్ చేసి, అంటే మూత్రంలో ఏ క్రిమి పెరుగుతుందో చూసి, మందిస్తే తగ్గిపోతుంది. తగ్గాక ఒకసారి మూత్రం మళ్లీ చూడాలి, ఆ ఒక్కటి మర్చిపోతారు. చీము కణాలు ఉన్నాయి, కల్చర్‌లో ఏమీ పెరగలేదు, మూడు కోర్సులు యాంటీబయాటిక్స్ అయ్యాయి అంటే మాత్రం టీబీ గుర్తుకు రావాలి. వరసగా మూడు రోజులు పొద్దున మొదటి మూత్రం పంపిస్తే తేలుతుంది.

క్యాన్సర్ భయం అందరికీ ఉంటుంది, గూగుల్ చేసి రాత్రంతా టెన్షన్ పడి వస్తారు. నలభై లోపు వాళ్లలో అది అరుదు. అరుదు అన్నాను, లేదు అనలేదు. మనది కందుకూరు, ఒంగోలు పొగాకు పండించే నేల. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకు పొగే కారణం. ముప్పై అయిదేళ్ల వయసు, రోజుకో పెట్టె సిగరెట్లు, నొప్పి లేకుండా కళ్లకి కనబడేలా నెత్తురు, గడ్డలు, వేరే కారణం దొరకలేదు, అలాంటాయనకి కెమెరాతో మూత్రాశయం లోపల చూడాల్సిందే. నెత్తురు పలచబడే మందులు వాడుతున్నాను, అందుకే పడుతోంది అని సర్దిచెప్పుకోవడం కూడా కుదరదు, వాళ్లకీ ఇవే పరీక్షలు.

మరి అన్నీ చేశాక ఏమీ దొరకకపోతే? చాలామందికి దొరకదు. మైక్రోస్కోప్‌లో కొన్ని కణాలు, మిగతావన్నీ నార్మల్. ఇజ్రాయెల్‌లో సైన్యంలోకి వెళ్లే ముందు అందరికీ పరీక్షలు చేస్తారు కదా, ఆ రికార్డులతో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు పన్నెండు లక్షల మంది సంగతి సుమారు 22 ఏళ్ల పాటు చూసి 2011లో ప్రచురించారు. ఇలా నెత్తురు పడుతూనే ఉన్నవాళ్లలో వెయ్యికి ఏడుగురికి కిడ్నీలు పూర్తిగా పోయాయి. పడనివాళ్లలో పదివేలకి నలుగురైదుగురికి. ఈ లెక్కను రెండు వైపుల నుంచీ చూడండి. వెయ్యిలో 993 మందికి అంత దూరం పోలేదు, కాబట్టి నిద్ర మానుకోనక్కర్లేదు. మిగతావాళ్లతో పోలిస్తే మాత్రం రిస్క్ చాలా రెట్లు, కాబట్టి ఏడాదికోసారి బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోవాలి. పుట్టినరోజు నాడు చూపించుకోండి, గుర్తుంటుంది.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పు తమ్ముడూ... కనిగిరి నుంచా? మీ నీళ్ల వల్ల వస్తుందా అని. ఫ్లోరైడ్ సంగతి మీ ప్రాంతానికి కొత్త కాదు, మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో వచ్చిన మొదటి రిపోర్టే అప్పటి నెల్లూరు జిల్లా మీద. అది ముందు పళ్లని, ఎముకల్ని పట్టుకుంటుంది. ఇక ఉద్దానంలో లాగా కారణం తేలని కిడ్నీ జబ్బు అంటావా, అందులో మూత్రంలో నెత్తురు, ప్రొటీన్ సాధారణంగా లేకపోవడమో చాలా తక్కువగా ఉండటమో చూస్తాం, చడీచప్పుడు లేకుండా క్రియాటినిన్ పెరుగుతుంది. అంటే నెత్తురు బాగా పడుతోందంటే నీళ్ల మీద నెట్టేసి ఊరుకోవడానికి అసలే లేదు, వేరే కారణం వెతకాలి.

బయాప్సీ నొప్పి పుడుతుందా అంటున్నారు. బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో దారప్పోగంత ముక్క తీస్తారు. టక్కుమని శబ్దం వస్తుంది, దానికి భయపడేవాళ్లే ఎక్కువ. ఆ రాత్రికి ఆసుపత్రిలో ఉంచుతారు, ఒకరోజు మూత్రం ఎర్రగా రావచ్చు. పెద్దగా నెత్తురు పోవడం అరుదు, అందుకే ముందే బీపీ కంట్రోల్ చేసి, ఆస్పిరిన్ లాంటివి ఆపించి మరీ చేస్తారు. ఆ నిమ్మతోట అబ్బాయి ఇప్పటికీ మూడు నెలలకోసారి వస్తాడు, ప్రొటీన్ తగ్గే బీపీ మాత్రలు వాడుతున్నాడు, డయాలసిస్ దాకా పోలేదు ఇంకా. బయాప్సీ కంటే నేను వేయించిన టీటీ సూదే నొప్పి పుట్టిందంటాడు.

ఆ వెనక అమ్మాయి, చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తుతోంది. చెప్పమ్మా. పీరియడ్స్‌లో ఉండగానే శాంపిల్ తీసుకున్నారా? బ్లడ్ త్రీ ప్లస్ వచ్చిందని సీటీ స్కాన్ రాశారా? సీటీ ఆపు. పీరియడ్స్ అయ్యాక ఇంకో మూడు నాలుగు రోజులు ఆగి, మధ్య ధార పట్టి మళ్లీ చేయించు, బీపీ ఇప్పుడే బయట వరండాలో మా సిస్టర్ చూస్తుంది. ప్రొటీన్ ఎంతొచ్చిందో గుర్తుందా? ఆ కాగితం తెచ్చావా? ఇటివ్వు, చూద్దాం.